మా అమ్మ బకెట్టు, ఒకటో క్లెయిము

కిందటి దసరా సెలవులకి తెనాలి వెళ్తే మా డాబా మెట్ల నిండా ఖాళీ పెయింట్ బకెట్లే. అమ్మా, అమ్మ డ్వాక్రా గ్రూపులో ఆంటీలూ కలిసి తయారుచేస్తున్న మొక్కల బకెట్ల సరంజామా అది. ఒక బకెట్లో ఇంకో బకెట్టు దించుతారు. కింద దాన్లో ఇటుక ముక్కలు వేసి జానెడు ఖాళీ ఉంచి నీళ్ళు నింపుతారు. పై దాన్లో కోకోపీట్, వర్మీకంపోస్టు కలిపిన మట్టి, అందులో టమాటా మొక్క. పై బకెట్టు అడుగున చిల్లులు, మధ్యలో ఒక పెద్ద చిల్లు. అందులోంచి పాత కాటన్ చీర పేలికని మెలిపెట్టి నీళ్ళలోకి వేలాడదీస్తారు. దీపంలో వత్తి నూనెని పైకి లాక్కున్నట్టు ఆ పేలిక నీళ్ళని మట్టిలోకి లాక్కుంటుంది. నీళ్ళు పొయ్యడానికి పక్కగా ఒక పీవీసీ పైపు, ఎక్కువైతే బయటికి పోవడానికి కింది బకెట్టు గోడకి ఒక చిల్లు. ఊరెళ్తే నాలుగు రోజులు నీళ్ళు పొయ్యకపోయినా మొక్క బతుకుతుంది. అంతే సంగతి.

ఒక అపార్ట్‌మెంటు వాళ్ళు 85 బకెట్లు కావాలన్నారు. పొదుపు డబ్బుల్లోంచి 12,000 తీసి ఖాళీ బకెట్లకి అడ్వాన్సు ఇచ్చేశారు. సరిగ్గా అప్పుడే గార్డెనింగ్ సామాన్లు అమ్మే ఒక వ్యాపారి ఇంటికొచ్చి, "ఈ పద్ధతికి పేటెంటు ఉందమ్మా, మీరు చేసేది దొంగతనం కిందికొస్తుంది, బకెట్టుకి 60 రూపాయల చొప్పున కట్టండి, లేకపోతే కోర్టు నోటీసు వస్తుంది" అని రెండు జిరాక్సు సెట్లు బల్ల మీద పెట్టి వెళ్ళాడట. కోర్టు అన్న మాటకి ఆంటీలు సగం మంది "మాకొద్దు, మా డబ్బులు మాకిచ్చెయ్యండి" అన్నారు.

"ఏమే, ఇంజనీరింగు చదువుతున్నావు కదా, ఈ కాగితాల్లో ఏముందో చూడు" అంది అమ్మ.

థర్డ్ ఇయర్ మెకానికల్. ఐపీఆర్ అనే రెండు క్రెడిట్ల సబ్జెక్టు పాసయ్యాను కూడా. అయినా నిజం పేటెంటు కాగితం ఒక్కటీ అంతకుముందు పూర్తిగా చదవలేదు. మీలో చాలామందీ నాలాంటివాళ్ళే అని నా అనుమానం. అందుకే ఈ వ్యాసం. ముందే చెప్తున్నాను, నేను లాయర్ని కాదు. నోటీసు నిజంగా వస్తే పేటెంటు ఏజెంటు దగ్గరికో లాయరు దగ్గరికో వెళ్ళాల్సిందే. కానీ వెళ్ళేముందు మన కాగితం మనం చదువుకోగలగాలి.

మొదటి రోజు నేను చేసిన తప్పు చెప్తాను. మొదటి సెట్టు పైపేజీ చూశాను. టైటిలు, నాలుగు లైన్ల సారాంశం, ఒక బొమ్మ. బొమ్మలో పెట్టె, కింద నీళ్ళు, పైన మట్టి, పక్కన గొట్టం. అచ్చం మా అమ్మ బకెట్టే! గుండె జారింది. "అమ్మా, నిజంగానే కాపీలా ఉందే" అనేశాను. పాపం, ఆ రాత్రి అమ్మ అన్నం సరిగ్గా తినలేదు.

పేటెంటులో బొమ్మకీ సారాంశానికీ హద్దులు గీసే అధికారం లేదు. హద్దులు గీసేది క్లెయిములు. మన పేటెంట్ల చట్టం, 1970, సెక్షన్ 10 ప్రకారం పూర్తి స్పెసిఫికేషను చివర్లో ఆవిష్కరణ పరిధిని నిర్వచించే క్లెయిములు ఉండి తీరాలి. ముందున్న పేజీలన్నీ పొలం గురించిన వర్ణన అయితే క్లెయిములు సర్వే రాళ్ళు. పొలంలో మామిడి చెట్టుందని ఎంత రాసినా, చెట్టు రాయికి అవతల ఉంటే అది మీది కాదు. వర్ణన దేనికి పనికొస్తుందంటే, క్లెయిములో ఒక మాటకి అర్థం ఏమిటని గొడవొచ్చినప్పుడు, రాసినవాడు ఆ మాటని ఏ అర్థంలో వాడాడో చూసుకోవడానికి.

కాబట్టి చదవాల్సింది వెనకనుంచి. కానీ క్లెయిము దాకా పోకముందే చూసుకోవాల్సినవి మూడున్నాయి. ఏ దేశం, ఎప్పటిది, అసలు మంజూరైందా. ఐదు నిమిషాల పని. మా కేసు సగం అక్కడే తేలింది.

మొదటి సెట్టు అమెరికా పేటెంటు. ఫ్లోరిడాలో టమాటాలు పండించే రైతు బ్లేక్ విజెనంట్‌ది. 1993లో మంజూరైంది. చిన్న స్థాయిలో కూరగాయలు పెంచుకునే పెట్టె అని టైటిల్లోనే ఉంది. ఎర్త్‌బాక్స్ పేరుతో ప్రపంచమంతా తెలిసిన పెట్టె అది. అమెరికా పేటెంటు హక్కు అమెరికా సరిహద్దుల్లోనే. తెనాలిలో చేసి తెనాలిలో అమ్మే బకెట్టుకి దాంతో పని లేదు. పైగా 1993లో మంజూరైన పేటెంటుకి గడువు ఎప్పుడో దాటిపోయింది, ఇప్పుడు అమెరికాలో కూడా అది ఎవర్నీ ఆపదు. ఆ రైతుకీ, ఆ పెట్టె అమ్మేవాళ్ళకీ మా ఇంటికొచ్చిన వ్యాపారితో ఏ సంబంధమూ కాగితాల్లో కనిపించలేదు. ఎవరిదో పాత కాగితం జిరాక్సు తీసి భయపెట్టాడన్నమాట.

రెండో సెట్టు దగ్గరే నాకు చెమట పట్టింది. అది ఇండియాది, ఈమధ్యదే. మన పేటెంట్ ఆఫీసు జర్నల్లో పడినది. కానీ జాగ్రత్తగా చూస్తే అందులో ఉన్నది అప్లికేషన్ నంబరు, పేటెంటు నంబరు కాదు. పేటెంట్ ఆఫీసు వాళ్ళ ఇన్‌పాస్ అనే వెతుకులాట పేజీలో ఆ నంబరు కొట్టి చూశాను. ప్రచురితం అయింది, పరీక్ష ఇంకా కాలేదు.

ఇక్కడ కాసేపు ఆగాలి, ఎందుకంటే మన కాలేజీల్లో కూడా ఇదే గందరగోళం. "పేటెంట్ పబ్లిష్డ్" అని ఫ్లెక్సీ కట్టి శాలువా కప్పుతారు కదా, అక్కడ జరిగింది ప్రచురణ మాత్రమే. అప్లికేషను వేస్తే మామూలుగా 18 నెలల తర్వాత అది జర్నల్లో పడుతుంది. ఫీజు కట్టి అడిగితే ఇంకా ముందే పడుతుంది. అందులో ఉన్నది కొత్తదా పాతదా అని అప్పటికి ఎవరూ తేల్చి ఉండరు. పరీక్ష చెయ్యమని విడిగా అడగాలి. గడువులోగా అడగకపోతే అప్లికేషను వెనక్కి తీసుకున్నట్టే. సెక్షన్ 11ఏ ఇంకో మాట చెప్తుంది. ప్రచురణ తేదీ నుంచి దరఖాస్తుదారుకి పేటెంటు ఉన్నవాళ్ళలాంటి హక్కులే వస్తాయి గానీ, పేటెంటు మంజూరయ్యేదాకా ఉల్లంఘన కేసు వెయ్యడానికి లేదు. అంటే కోర్టు నోటీసు అన్న బెదిరింపు అప్పటికి ఉత్తదే. కానీ రేపు మంజూరైతే ప్రచురణ తేదీ దాకా వెనక్కి వెళ్ళి లెక్క అడగొచ్చు. కాబట్టి "ఇంకా రాలేదు కదా" అని చేతులు దులుపుకోవడానికి లేదు. క్లెయిము చదవాల్సిందే.

చదివే ముందు ఒక చిత్రం గమనించాను. వ్యాపారి నోటితో అన్నది "పద్ధతి". కానీ ఈ కాగితంలో ఒక్క క్లెయిములోనూ పద్ధతి అన్న మాట లేదు, అన్నీ "కంటైనర్" అనే మొదలయ్యాయి. కారణం సెక్షన్ 3(హెచ్). వ్యవసాయ పద్ధతి, ఉద్యాన పద్ధతి మన దేశంలో ఆవిష్కరణ కిందికే రావు. మొక్కని ఇలా నాటి, ఇలా నీళ్ళు పెట్టి, ఇలా ఎరువు వెయ్యి అన్నదాని మీద ఇక్కడ ఎవరికీ పేటెంటు రాదు. దానికి వాడే పరికరం మీద మాత్రం రావచ్చు, అది కొత్తదైతే. అమెరికాలో ఇలాంటి మినహాయింపు లేదు. అందుకే ఒకే ఆలోచన అక్కడ పద్ధతి వేషంలోనూ, ఇక్కడ డబ్బా వేషంలోనూ కనిపిస్తుంది. ఏ వేషంలో ఉందన్నది చిన్న విషయం కాదు. పద్ధతి మీద క్లెయిము ఉంటే ఆ అంచెలన్నీ చేసేది మొక్క పెంచుకునేవాళ్ళు, బకెట్టు అమ్మేవాళ్ళు కాదు. వస్తువు మీద ఉంటే తయారుచేసినవాళ్ళే నేరుగా దొరుకుతారు. మా అమ్మకి ప్రమాదం రెండో రకం.

ఇప్పుడు ఒకటో క్లెయిము. అది ఇంగ్లీషులో ఒకే ఒక్క వాక్యం, ఫుల్‌స్టాప్ చివర్లో తప్ప ఎక్కడా లేదు. క్లెయిములన్నీ అలాగే ఉంటాయి. నేను ముక్కలు చేసి తెలుగులో రాసుకున్నది ఇదీ:

మొక్కలు పెంచే కంటైనరు, అందులో ఉండేవి: అ) నీళ్ళు నిలవుండే అడుగు అర, ఆ) దాని పైన చిల్లుల పలక, ఇ) ఆ పలక నుంచి నీటి అరలోకి నిట్టనిలువుగా దిగే, మట్టితో నింపిన, కనీసం రెండు కాళ్ళు, ఈ) పైనుంచి నీటి అరలోకి దిగే గొట్టం, ఉ) పలకకి కింద గోడకున్న పొంగు రంధ్రం, ఊ) మట్టి పైభాగాన్ని పూర్తిగా కప్పి, కాండం వచ్చేంత సందు మాత్రమే ఉన్న మూత.

"అందులో ఉండేవి" అని నేను రాసిన చోట మూలంలో ఉన్న మాట కంప్రైజింగ్. చిన్న మాటే గానీ బరువైనది. ఇవన్నీ ఉండి, వీటితోపాటు ఇంకేమున్నా క్లెయిము పరిధిలోకే వస్తుందని దాని అర్థం. అంటే ఈ ఆరూ పెట్టుకుని పైన ఒక గంట కట్టి "నాది వేరే" అనడానికి లేదు. అదే కన్సిస్టింగ్ ఆఫ్ అని ఉంటే కథ వేరు, ఇవే ఉండాలి, ఇంకోటి ఉండకూడదు. తర్వాత అసలు సూత్రం: ఆరింటిలో ఏ ఒక్కటి లేకపోయినా, దానికి సమానమైనదీ లేకపోతే, ఉల్లంఘన లేదు. ఐదు ఉన్నాయి కదా, 83 శాతం కాపీ అనే లెక్క పేటెంట్లలో చెల్లదు. మనం ఇంటర్నల్స్‌లో వేసుకునే పార్ట్ మార్కులు ఇక్కడ లేవు. అందుకే నాకు మొదట తలకిందులుగా తోచిన విషయం ఒకటుంది. క్లెయిములో మాటలు పెరిగేకొద్దీ దాని పొలం చిన్నదవుతుంది. పొడుగాటి క్లెయిము చూసి భయపడకూడదు, రెండు లైన్ల క్లెయిము చూసి భయపడాలి.

అమ్మని పక్కన కూర్చోబెట్టుకుని టిక్కులు పెట్టాం. నీటి అర ఉంది. పలక? పై బకెట్టు అడుగే చిల్లుల పలక అని వాళ్ళు వాదించగలరు, ఉందనే అనుకున్నాం. గొట్టం ఉంది, పొంగు రంధ్రం ఉంది. మట్టి నింపిన కాళ్ళు లేవు, ఒకే ఒక్క చీర పేలిక ఉంది. మూత లేదు, పైన ఎండు వరిగడ్డి పరుస్తారు.

"మరింకేం, రెండు లేవుగా" అంది అమ్మ.

అంత తేలిక కాదు. మాటని అక్షరం పట్టుకుని చదవాలా, ఉద్దేశం పట్టుకుని చదవాలా అన్నది వందేళ్ళకి పైబడిన తగాదా. 1980లో ఇంగ్లండులో హౌస్ ఆఫ్ లార్డ్స్ తీర్పిచ్చిన క్యాట్నిక్ కేసు మన సివిల్ వాళ్ళకి నచ్చుతుంది. తలుపులూ కిటికీల మీద వేసే స్టీలు లింటెల్ అది. క్లెయిములో వెనక పలక "నిలువుగా" ఉండాలని ఉంది. అవతలి కంపెనీ దాన్ని 6 డిగ్రీలు, తర్వాత 8 డిగ్రీలు వంచి, మాది నిలువు కాదు కదా అంది. ఆ వంపు వల్ల మోసే బలం ఒక శాతం అటూ ఇటూ మాత్రమే తగ్గింది. ఆ పనిలో ఉన్న మేస్త్రీ "నిలువు" అన్న మాటని జ్యామితి పరీక్షలోలాగా చదువుతాడా, లేక పనికి సరిపడా నిలువు అని చదువుతాడా అని అడిగి, రెండోదే అన్నాడు లార్డ్ డిప్లాక్. ఉల్లంఘన అని తేలింది. కాబట్టి "నిట్టనిలువు కాళ్ళు" అన్నచోట కొంచెం ఏటవాలు కాళ్ళు పెట్టి తప్పించుకోవాలని చూసేవాళ్ళకి ఈ కేసు చూపించాలి.

ఇంకో వైపు, 1997లో అమెరికా సుప్రీంకోర్టు వార్నర్ జెంకిన్సన్ కేసు. రంగు శుద్ధిచేసే ప్రక్రియ, క్లెయిములో పీహెచ్ "దాదాపు 6.0 నుంచి 9.0". అవతలివాళ్ళు చేసింది 5.0 దగ్గర. సమానమైనదాన్ని కూడా ఉల్లంఘనగా చూడొచ్చు, కానీ మొత్తాన్ని కలిపి పోల్చి కాదు, ఒక్కో అంశాన్నీ విడిగా పోల్చి చూడాలంది కోర్టు. పరీక్ష సమయంలో ఆ అంకెల్ని ఎందుకు చేర్చారన్నది కూడా అడగమంది. 9.0 అన్న హద్దు పాత పేటెంటు నుంచి తప్పుకోవడానికి పెట్టుకున్నదే. పేటెంటు సంపాదించడం కోసం వదులుకున్న నేలని తర్వాత "అదీ మాదే" అని అడగడం కుదరదన్నది అక్కడి నియమం. మా కాగితంలో రెండో క్లెయిములో మట్టి పీహెచ్ 6 నుంచి 7 అని ఉంది, అందుకే ఈ కేసు వెతికి మరీ చదివాను. రెండో క్లెయిము ఒకటోదాని మీద ఆధారపడ్డది. ఒకటోది తప్పితే రెండోదీ తప్పినట్టే కాబట్టి దాని గొడవ మాకు లేదు.

తిరిగి పేలిక దగ్గరికి. మట్టి నింపిన కాలూ, చీర పేలికా చేసే పని ఒకటే, నీళ్ళని పైకి ఎక్కించడం. ఒక కాలు అయితే సమానమని వాదించొచ్చేమో. కానీ "కనీసం రెండు" అని అంకె వేసుకున్నది వాళ్ళే. ఒకటి, రెండుకి సమానం ఎలా అవుతుంది? మూత సంగతి ఇంకా గట్టిది. పూర్తిగా కప్పే, కాండానికే సందుండే మూత వేరు, వర్షం నీళ్ళు జారిపోయే గడ్డి వేరు. ఆవిరిని ఆపడం రెండూ చేస్తాయి గానీ, వానని ఆపేది మూత ఒక్కటే. ఆ అప్లికేషను వర్ణనలో కూడా మూత ఎందుకంటే వాన నీళ్ళు ఎరువుని కడిగెయ్యకుండా అని రాసి ఉంది. వర్ణన పనికొచ్చేది ఇలాంటి చోటే.

ఇంతవరకూ వచ్చాక నాకొక దురాశ పుట్టింది. మనదీ వేరేది కదా, మనమే పేటెంటు వేస్తే? రెండు గంటల్లో ఆ ముచ్చట తీరిపోయింది. ఉల్లంఘించకపోవడం వేరు, కొత్తది కావడం వేరు. వత్తితో నీళ్ళు ఎక్కే కుండీలు ఎప్పటినుంచో ఉన్నాయి. పాదులో నీళ్ళకుండ పాతిపెట్టి కాయలు పండించడం క్రీస్తు పూర్వపు చైనా వ్యవసాయ గ్రంథంలోనే ఉంది. తెలిసిన వస్తువుల్ని కలిపితే అది వర్క్‌షాపులో ఎవరైనా చేసే చిన్న మెరుగు కంటే ఎక్కువై ఉండాలని మన సుప్రీంకోర్టు 1978లోనే, అదీ గిన్నెలు తయారుచేసేవాళ్ళ తగాదాలో, చెప్పింది. పైగా అమ్మావాళ్ళు అప్పటికే ఎగ్జిబిషన్లో పెట్టి అమ్మేశారు. మీకు నిజంగా కొత్త ఆలోచన ఉంటే ఫెస్టులో చూపించకముందే అప్లికేషను వెయ్యండి, చూపించాక మీ ప్రదర్శనే మీకు అడ్డం తగులుతుంది.

ఆ దురాశ పూర్తిగా వృథా కాలేదు. కొత్తదనం అన్న మాట తలలో తిరుగుతుండగా మొదటి సెట్టు మళ్ళీ తీశాను. ఎర్త్‌బాక్స్‌లో ఏముంటాయి? కింద నీటి అర. పైన గాలాడే చిల్లుల తెర. రెండు మూలల్లో మట్టితో కిందికి దిగే భాగాలు. నీళ్ళ గొట్టం. పొంగు రంధ్రం. మట్టి మీద ప్లాస్టిక్ కప్పు, మొక్క దగ్గర సందు. అ, ఆ, ఇ, ఈ, ఉ, ఊ! వ్యాపారి రెండో కాగితంలో కొత్తదని చెప్పుకుంటున్నదంతా ఏళ్ళ తరబడి బజార్లో అమ్ముతున్న పెట్టెలోనూ, దాని వాడకం పుస్తకంలో బొమ్మలతో సహానూ ఉంది. మొదటి కాగితం తెచ్చి పెట్టింది ఆయనే! మమ్మల్ని బెదిరించడానికి తెచ్చిన సాక్షి ఆయన మీదే సాక్ష్యం చెప్తోంది. తర్వాత వచ్చిన వస్తువు క్లెయిముని ఉల్లంఘించేదైతే, అదే వస్తువు ముందు వచ్చి ఉంటే క్లెయిముని చంపేస్తుంది. ఈ ఒక్క ముక్క అర్థమయ్యాక సబ్జెక్టు మొత్తం అర్థమైనట్టనిపించింది నాకు.

అమ్మకి ఇది చెప్తే ఎంతసేపటికీ నవ్వు ఆపుకోలేదు.

ఆ వ్యాపారి మళ్ళీ వచ్చినప్పుడు నేను హాస్టల్లో ఉన్నాను. అమ్మే అడిగిందట, "బాబూ, పేటెంటు నంబరు చెప్పండి, అప్లికేషన్ నంబరు కాదు" అని. తర్వాత మాట్లాడతానని వెళ్ళాడట. ఒక పేటెంటు ఉందని ఊరికే తెలియజేయడం తప్పు కాదు గానీ, ఆధారం లేకుండా కేసు వేస్తామని బెదిరిస్తే బెదిరింపుకి గురైనవాళ్ళే కోర్టుకి వెళ్ళొచ్చని సెక్షన్ 106 ఉంది. అందాకా పోవాల్సిన అవసరం రాలేదు. సెక్షన్ 25(1) కింద మంజూరుకి ముందు ఎవరైనా అభ్యంతరం చెప్పొచ్చు, దానికి సంబంధం ఉన్నవాళ్ళే అయ్యుండాలని లేదు. ఎర్త్‌బాక్స్ కాగితాలు జతచేసి వెయ్యాలని నాకుంది. మా సీనియర్ ద్వారా ఒక పేటెంటు ఏజెంటు గారిని అడిగాం, చూస్తానన్నారు. నెలకోసారి ఇన్‌పాస్‌లో ఆ నంబరు కొట్టి చూడటం నాకు అలవాటైపోయింది.

85 బకెట్లూ వెళ్ళాయి. జూలై వానలకి కొన్ని బకెట్లలో ఎరువంతా కొట్టుకుపోయిందని అపార్ట్‌మెంటు వాళ్ళు ఫోన్ చేశారు. అమ్మ నాకు ఫోన్ చేసింది.

"ఏమే, ఇంకో పేలిక వెయ్యమంటున్నారు, పైన మూత కూడా పెట్టమంటున్నారు. పెట్టొచ్చా?"

"పేలిక వెయ్యమ్మా. మూత మాత్రం ఏజెంటు గారు ఫోన్ చేసేదాకా ఆగు."

"వాన ఆగుతుందా మరి?" అంది.